చెరువు చాబీ

నాలుగున్నరకు లేస్తా.
వానకాలమైతే నెత్తిమీద యూరియా సంచి కొప్పెర,
సైకిల్ హ్యాండిల్‌కు అడ్డంగ
నాలుగడుగుల ఇనుప చాబీ.
గల్లీల నాకంటే అదే వెడల్పు.

కుక్కలు మొరగవు, ఎరుకే వాటికి.
కట్టమీద నడిచేటోళ్లు ఇంకా రాలే.
కాజీపేట వైపు సిగ్నల్ ఎరుపొకటి
నీళ్లల్ల పడి
ఎంతకూ పచ్చగ కాక వణుకుతుంటది.

మూత లేపి, చాబీ దించి
పద్నాలుగు చుట్లు తిప్పితే గార్డుల లైను.
తొమ్మిదిన్నరకు మగ్గాల గల్లీ,
మగ్గాలు లేవిప్పుడు, పేరుంది.
వెంచర్‌కు మాత్రం సగమే తెరువాలె,
పైపు చిన్నది, ఇండ్లు పెద్దయి.
వంగి చెవి పెడ్తా.
ముందుగాల గాలి దగ్గుతది,
ఆనక తుప్పు ఉమ్ముతది,
ఆ తర్వాత చెరువు
ఇంటింటికి నడుచుకుంట పోతది
ముప్పావు గంట.

ఫిలోమినా టీచర్ నైటీ మీద తువ్వాల కప్పుకొని
బకెట్లు లెక్కవెడ్తది.
రాత్రంత బల్లార్షా లైన్ల బండి నడిపొచ్చిన సుగుణాకర్
గేటుకాడనే మోచేతులదాకా కడుక్కుంటడు.
మోటరు పెట్టి గుంజే రెండో అంతస్తు ఎవలిదో
నాకెరుకే.
చెప్ప. ఆ ఇంట్ల
డయాలసిస్ ముసలాయన ఉన్నడు.

ఎవలు గుడ చెరువొచ్చిందనరు.
నల్లా వచ్చిందంటరు,
ఓదెలు వచ్చిండంటరు.
నీళ్లు దానియి, పేరు నాది.

మా నాయిన చెప్పేది,
వెంచర్ జాగంత శికమట.
ఎండకాలం నీళ్లు వెనుకకు జరిగితే
దోసపాదులు పెట్టేటోళ్లట,
వానలకు చెరువు మల్లొచ్చి కూసునేదట.
కాయిదాలు లేవు, కొట్లాటలు లేవు.
తర్వాతెప్పుడో సర్వేటోళ్లొచ్చి రాళ్లు పాతిన్రు,
తెల్ల సున్నం, నీలం నంబరు.
ఒక రాయి కౌసర్ బీ వంటింట్లకొచ్చింది.
ఆమె దానిమీద గ్రైండర్ పెట్టుకున్నది,
ఎత్తు సరిగ్గ కుదిరిందన్నది.

మొన్న ఆషాఢంల మూడొద్దులు ముసురు.
మూడోనాటి రాత్రి మత్తడి దుంకింది.
ఫోన్లమీద ఫోన్లు,
"ఓదెలన్నా, జల్ది బంద్ చెయ్యే!"
ఏం బంద్ చెయ్యాలె?
చాబీ పట్టుకొని నడుంలోతుల నిలబడ్డ
తిప్పేటందుకు ఏదీ లేక.
దగ్గలే, ఉమ్మలే,
ఏ గల్లీ వంతు ఎప్పుడని అడుగలే.
చెప్పులను, సిలిండర్లను తేలిచ్చుకుంట
తలుపు సందులకెల్లి లోపలికొచ్చి
ఎరుకున్న ఇంటికొచ్చినట్టు
సీదా వంటింట్లకు పోయి
ఆ రాయిని ముట్టి
ఆగింది.

తెల్లారి మొగిలి
థర్మాకోల్ తెప్పమీద పాలపాకెట్లు పంచిండు.
చెరువుల చేపపిల్ల పోసింది వాళ్ల సంఘమే.
ఏడాది కష్టమంత
రవ్వలై, బొచ్చెలై
గార్డుల లైన్ల స్కూటర్ల నడుమ తిరుగుతున్నది.
పిలగాండ్లు దోమతెర పట్టుకొని ఎగబడ్డరు.
మొగిలి కొంచెంసేపు చూసిండు.
"చిన్నయి ఇడువుండ్రి బిడ్డా" అన్నడు,
ఇంకేమనలే.

రెండొద్దులకు నీళ్లు జరిగినయి.
కౌసర్ బీ ఆటోల వచ్చింది,
బట్టలు నానేసే టబ్బుల
మూరెడు బొచ్చె.
"మోకాళ్లు నొస్తున్నయి, మెట్లు దిగ. నువ్వు ఇడువు."
ఇడిసిన.
అది పోతూ పోతూ
నా అంగిమీద తోకతోని ఒకటి కొట్టింది.

మల్ల నాలుగున్నర, మల్ల చుట్లు.
మొదటిరోజు నల్లాల ఎర్రమట్టి వచ్చిందని
ఫిలోమినా టీచర్ తిట్టింది.
గోడలమీద గీత ఉండె,
గార్డుల లైన్ల మోకాలెత్తు, వెంచర్ల నడుమెత్తు,
చూస్తే వేరేవేరే,
మట్టం పెడితే ఒక్కటే.
దీపావళికి అందరు రంగులేసుకున్నరు.

మా ఇంట్ల మాత్రం ఒక గోడ అట్లనే ఉన్నది.
పైసలు లేకనే, పట్టింపేం కాదు.
రాత్రి చాబీని ఆ గోడకే ఆనిస్తా.
పిడి సరిగ్గ
గీత దగ్గర ఆగుతది.